నవ్వించే పిల్లల బొమ్మల పుస్తకం తయారు చేయడం ఎలా: ఒక కుటుంబం, ఒక మహానగరం, 32 పేజీలు

ఇంటిల్లిపాదీ కలిసి ఓ పెద్ద నగరం చూడటానికి వెళ్లారంటే పిల్లల బొమ్మల పుస్తకానికి సగం కథ చేతికొచ్చినట్టే. ప్రయాణం ఉంది, జనం ఉన్నారు, దారి తప్పే అవకాశం ఉంది, ఎక్కడో ఒకచోట ఎవరో ఒకరికి అర్జెంటుగా బాత్రూమ్ కావాల్సిన ఘడియ కచ్చితంగా ఉంది. అయినా ఇలాంటి కథ మొదలుపెట్టిన వాళ్లలో చాలామంది చివరికి టూర్ గైడ్ రాసి ఊరుకుంటారు. మ్యూజియం చూశారు, వంతెన ఎక్కారు, పడవలో తిరిగారు, ఇంటికొచ్చి హాయిగా నిద్రపోయారు. ఇందులో నవ్వెక్కడుంది? వినే పిల్లాడు మూడో పేజీకే లేచి వెళ్లిపోతాడు, వాడి తప్పేం లేదు.

మొదటి ఆలోచన దగ్గర్నుంచి ప్రెస్సుకి ఫైలు పంపేదాకా ఇక్కడ వరసగా చెబుతాను. బొమ్మలు మీరే వేసినా, వేరేవాళ్లు వేసినా దారి చాలావరకూ ఇదే. మొత్తం పని ఒక్క సూత్రం మీద నడుస్తుంది కాబట్టి అది ముందే చెప్పేస్తా: మాటలు ఒకటి చెప్పాలి, బొమ్మ ఇంకోటి చూపించాలి. "అంతా ప్లాన్ ప్రకారమే జరిగింది" అని వాక్యం గంభీరంగా అంటుంటే, బొమ్మలో నాన్న టోపీ ఫౌంటెన్‌లో తేలుతుండాలి. చదివి వినిపించే పెద్దవాళ్ల కళ్లు అక్షరాల మీద ఉంటాయి, ఇంకా చదవడం రాని పిల్లల కళ్లు బొమ్మ మీద ఉంటాయి, కాబట్టి అసలు సంగతి ముందు తెలిసేది పిల్లలకే. పెద్దవాళ్లకి తెలియనిది తనకి తెలుసన్న ఆ సంబరం నుంచే నవ్వొస్తుంది. ఇది కొత్త కిటుకేమీ కాదు. 19వ శతాబ్దంలోనే ఇంగ్లండ్‌లో రాండాల్ఫ్ కాల్డెకాట్ అనే చిత్రకారుడు మాట ఆగిన చోట బొమ్మతో, బొమ్మ ఆగిన చోట మాటతో కథ నడిపి చూపించాడు. అమెరికాలో బొమ్మల పుస్తకాల చిత్రకారులకి 1938 నుంచి ఇస్తున్న మెడల్ ఆయన పేరు మీదే ఉంది.

1. ఎవరి ప్లాన్ తలకిందులవుతుందో ముందు తేల్చుకోండి

కథ కంటే ముందు మనుషులు. నవ్వించే ప్రయాణానికి ఒక ప్లానూ, ఆ ప్లాన్ మీద అంతులేని నమ్మకమున్న ఒక మనిషీ కావాలి. ఆ మనిషి పెద్దవాళ్లలోనే ఉండాలి. ఇంట్లో అందరికంటే ధీమాగా మాట్లాడేవాళ్లయితే మరీ మంచిది. ఎందుకంటే బోల్తా పడేది పైచేయి ఉన్నవాళ్లయితేనే పిల్లలు మనస్ఫూర్తిగా నవ్వుతారు. చిన్నవాడిని, భాష రానివాడిని, లావుగా ఉన్నవాళ్లని, దారిలో కనబడే పేదవాళ్లని నవ్వులపాలు చేస్తే అది హాస్యం కాదు, పైగా చదివి వినిపించే తల్లిదండ్రులు ఆ పుస్తకాన్ని రెండోసారి తియ్యరు.

ఈ వ్యాసం పొడవునా ఒకే ఉదాహరణ వాడతాను. ఐదుగురి కుటుంబం అనుకోండి. నగరం నడిబొడ్డున ఒక గడియార స్తంభం ఉంది. మధ్యాహ్నం పన్నెండు కొట్టగానే అందులోంచి చెక్కబొమ్మలు బయటికొచ్చి ఆడతాయి. పన్నెండుకల్లా అందరినీ అక్కడికి చేర్చాలన్నది నాన్న పట్టుదల, చేతిలో మ్యాప్ ఉంది. అమ్మకి అందరూ కళ్లు తెరిచి ఉన్న ఫొటో ఒక్కటంటే ఒక్కటి కావాలి. ఏడేళ్ల మిన్ను కొత్తగా చదవడం నేర్చుకుంది, కనబడిన బోర్డునల్లా పైకి చదివేస్తుంది. నాలుగేళ్ల బబ్లూకి నగరంలో నచ్చింది ఒకే ఒక్క పావురం. అమ్మమ్మకి ఎక్కడైనా కాసేపు కూర్చుంటే చాలు.

చూడండి, ఒక్కొక్కరికీ ఒక్కొక్క కోరికే ఉంది. ఇదే ముఖ్యం. ఒక మనిషికి రెండు మూడు కోరికలు పెట్టారంటే 32 పేజీల్లో ఏదీ తీరదు, ఏదీ గుర్తుండదు. పైగా ఈ కోరికలు ఒకదానికొకటి అడ్డుపడాలి. నాన్న పరిగెత్తమంటుంటే అమ్మమ్మ కూర్చోవాలనుకుంటుంది, అమ్మ అందరినీ కదలకుండా నిలబడమంటుంటే బబ్లూ పావురం వెంట పోతుంటాడు. ఇక సంఘటనలు మీరు పుట్టించక్కర్లేదు, అవే పుడతాయి.

ఇంకో సంగతి. పెద్ద ఊళ్లో అమ్మానాన్నల చెయ్యి వదిలిపోవడమంటే చిన్నపిల్లలకి నిజమైన భయం. దాన్ని నవ్వుకి వాడుకోవాలంటే చాలా నేర్పు కావాలి, మొదటి పుస్తకంలో అయితే అసలు వద్దంటాను. దారి తప్పేది పెద్దవాళ్లే అయ్యుండాలి. పిల్లలు ఎక్కడున్నారో ప్రతి బొమ్మలోనూ కనబడాలి, పక్కన ఒక పెద్దమనిషి ఉండాలి. ఆ భరోసా ఉంటేనే మిగతా గందరగోళమంతా తమాషాగా ఉంటుంది.

2. నగరాన్ని పిల్లల కంటి ఎత్తు నుంచి చూడండి

నాలుగేళ్ల పిల్లాడి ఎత్తు సుమారు ఒక మీటరు. అంటే జనంలో వాడికి కనబడేది మొహాలు కాదు. మోకాళ్లు, సంచులు, బెల్టులు, టికెట్ కౌంటర్ కింది చెక్క, గొడుగుల చివర్లు. నోట్‌బుక్ పట్టుకుని ఏదైనా పెద్ద స్టేషన్‌కో బజారుకో వెళ్లి, ఒక పక్కన గొంతుక్కూర్చుని పది నిమిషాలు చూడండి (జనం మిమ్మల్ని వింతగా చూస్తారు, చూడనివ్వండి). అక్కడినుంచి కనబడినవన్నీ గబగబా గీసుకోండి. బొమ్మ బాగా రానక్కర్లేదు.

తర్వాత, నగరంలో తమంతట తామే తమాషా చేసే వస్తువుల జాబితా ఒకటి రాసుకోండి. గుండ్రంగా తిరిగే గాజు తలుపు వాటిలో మేటి. అందరూ లోపలికి వెళ్లి బయటికి వస్తారు, ఒక్కరు మాత్రం తిరుగుతూనే ఉంటారు, దాన్ని ఒకే బొమ్మలో చూపించొచ్చు. ఎస్కలేటర్ ఇంకోటి: పైకి పోయేదాన్లో సగం కుటుంబం, కిందికి దిగేదాన్లో సగం, మధ్యలో చేతులు చాస్తూ దాటిపోవడం. మ్యూజియంలో నిశ్శబ్దమే హాస్యం, ఎందుకంటే అంత నిశ్శబ్దంలో కొత్త చెప్పులు కిర్రుకిర్రుమంటే చాలు. లిఫ్టు తలుపు మూసుకునే లోపు ఎవరో ఒకరు బయట మిగిలిపోవడం, టికెట్ గేటులో సంచి ఇరుక్కోవడం, విగ్రహం పక్కన కదలకుండా నిలబడ్డ మనిషిని విగ్రహమే అనుకోవడం. ఇలాంటివి ఒక ఇరవై రాసుకుని, మీ కుటుంబంలోని ఎవరో ఒకరి కోరికకి అడ్డొచ్చేవాటినే ఉంచి మిగతావి కొట్టేయండి. గాజు తలుపు నాన్నకి అడ్డు, ఎందుకంటే ఆయనకి టైమవుతోంది. అమ్మమ్మకైతే మ్యూజియం. అక్కడి కుర్చీలన్నీ తాడు కట్టి ఉంటాయి, మిన్ను "కూర్చోరాదు" అని చదివేస్తుంది.

నిజమైన నగరమా, ఊహా నగరమా? మొదటిసారి రాసేవాళ్లకి ఊహా నగరమే సుఖం. నిజమైన నగరమైతే వీధులు సరిపోవాలి, లేకపోతే ఆ ఊరివాళ్లు ఊరుకోరు. కట్టడాల బొమ్మల విషయంలోనూ దేశానికో చట్టం. పారిస్‌లోని ఈఫిల్ టవర్‌నే తీసుకోండి. 1889లో కట్టిన ఆ టవర్ పగటి రూపాన్ని ఎవరైనా వాడుకోవచ్చు గానీ, రాత్రి దీపాల అలంకరణకి కాపీరైట్ ఉంది, అమ్మే వస్తువు మీద వేయాలంటే అనుమతి తీసుకోవాలి. కంపెనీల లోగోలు కూడా వద్దు. దుకాణాల పేర్లు మీరే కల్పించండి, అక్కడ పెద్దవాళ్ల కోసం ఒకటి రెండు చిలిపి పేర్లు దాచుకోవచ్చు కూడా.

3. 32 పేజీల లెక్క

బొమ్మల పుస్తకాలు ఎక్కువగా 32 పేజీలే ఎందుకుంటాయంటే, పెద్ద షీటు మీద అచ్చు వేసి మడిస్తే 16 పేజీల ఫారం వస్తుంది, రెండు ఫారాలు కలిపితే 32. కాగితం వృథా కాదు, కుట్టడం తేలిక. సొంతంగా తక్కువ కాపీలు వేసుకుని మధ్యలో పిన్ను కొట్టించేటట్టయితే 24 అయినా 28 అయినా పర్లేదు, నాలుగుతో భాగించబడాలి, అంతే.

32లో మొదటి పేజీ కుడివైపు ఒంటరిగా ఉంటుంది, అక్కడ పుస్తకం పేరు. 2, 3 పేజీల్లో కాపీరైట్ వివరాలు, అంకితం. నాలుగు నుంచి 31 దాకా ఎదురెదురు పేజీలు జంటలుగా 14 వస్తాయి. వీటిని బొమ్మలవాళ్లు స్ప్రెడ్ అంటారు, ఇక్కడా ఆ మాటే వాడదాం. 32వ పేజీ మళ్లీ ఒంటరి. ఆ ఒంటరి పేజీని కాపీరైట్ గొడవకి తగలేయకండి, ఆఖరి జోకు పేలే చోటు అదే.

అంటే కథకి మీ చేతిలో ఉన్నది 14 స్ప్రెడ్లూ ఒక పేజీ. ఒక కాగితం మీద చిన్న చిన్న గళ్లు గీసి ఏ గడిలో ఏం జరుగుతుందో ఒక్కో మాటలో రాయండి. మన ఉదాహరణ ఇలా నడుస్తుంది. మొదటి రెండు స్ప్రెడ్లలో స్టేషన్, నాన్న ప్లాన్ ప్రకటన, గాజు తలుపు. మూడో స్ప్రెడ్‌లో చౌరస్తా, నాన్న మ్యాప్ విప్పుతాడు, సరిగ్గా వెనకే గడియార స్తంభం ఉంటుంది, ఆయన మాత్రం తలెత్తడు. నాలుగు నుంచి ఆరు దాకా ఎస్కలేటర్, రైలు, మ్యూజియం. ఏడోది జనంతో కిక్కిరిసిన పెద్ద వీధి. ఎనిమిదిలో ఫౌంటెన్, తొమ్మిదిలో వంతెన మీద వెనక్కి నడక, పదిలో బాత్రూమ్ వేట. పదకొండులో నాన్న చేతిగడియారం పన్నెండూ పది చూపిస్తుంది, అందరూ చప్పబడిపోతారు. పన్నెండులో ఎవరిదో గోడకి చేరగిలబడి బెంచీ మీద కూర్చుంటారు, అమ్మమ్మ కోరిక తీరింది. పదమూడు, పద్నాలుగు సంగతి తర్వాత చెబుతా.

ఇక్కడ పొరపాటు జరిగేది మధ్యలో. నాలుగు నుంచి పది దాకా ఒకే స్థాయి గొడవ జరిగితే విసుగు పుడుతుంది. ప్రతి స్ప్రెడ్‌లోనూ గొడవ కొంచెం పెరగాలి: ముందు ఒకరి టోపీ పోతుంది, తర్వాత ఇద్దరి బట్టలు తడుస్తాయి, ఆ తర్వాత మొత్తం కుటుంబం వేరేవాళ్ల పెళ్లి ఫొటోలో వరసగా నిలబడి ఉంటుంది. పదకొండో స్ప్రెడ్ నిశ్శబ్దంగా ఉండటం కూడా లెక్కే. అక్కడ ఒక్క క్షణం నిజంగా దిగులు పడకపోతే తర్వాత నవ్వుకి బలం రాదు.

4. బొమ్మలో మాత్రమే నడిచే ఇంకో కథ

నా దృష్టిలో మొత్తం పుస్తకంలో ఎక్కువ టైము పెట్టాల్సింది దీనిమీదే. మాటల్లో ఒక్కసారి కూడా ప్రస్తావన రాని చిన్న కథ ఒకటి బొమ్మల వెనకాల నడవాలి, ఆఖర్న అదే అసలు కథని మలుపు తిప్పాలి.

మన కథలో అది పావురం. మూడో స్ప్రెడ్ నుంచి ప్రతి బొమ్మలోనూ ఎక్కడో ఒకచోట గడియార స్తంభం కనబడుతుంది, ఒకసారి కిటికీలోంచి, ఒకసారి నీళ్లలో నీడగా, ఒకసారి నాన్న కళ్లజోడు అద్దంలో. ముళ్లు టైము చూపిస్తూ ముందుకి జరుగుతుంటాయి. తొమ్మిదో స్ప్రెడ్‌లో, పన్నెండుకి ఇంకో ఐదు నిమిషాలుందనగా, బబ్లూ పావురం వెళ్లి పెద్దముల్లు మీద వాలుతుంది. అప్పటినుంచి ఆ ముల్లు కదలదు. వాక్యం దీని గురించి కిక్కురుమనదు. పదకొండులో నాన్న చేతిగడియారం పన్నెండూ పది, స్తంభం మీద మాత్రం పన్నెండుకి ఐదు నిమిషాలు తక్కువ. పన్నెండులో వాళ్లు చేరగిలబడ్డ గోడ ఏదో పిల్లలు ఈపాటికి కనిపెట్టేసి ఉంటారు. పదమూడులో బబ్లూ జేబులోంచి చిరుతిండి పొడి రాలుతుంది, పావురం ముల్లు వదిలి కిందికి దూకుతుంది. పేజీ తిప్పగానే పద్నాలుగు: ముల్లు ఠక్కున పైకెక్కింది, తలుపులు తెరుచుకున్నాయి, చెక్కబొమ్మలు బయటికొచ్చాయి, ఒక్క మాట కూడా లేదు. 32వ పేజీలో నాన్న, "చెప్పానా, నాకు దారి తెలుసని!" చేతిలో మ్యాప్ మొదటిసారి మనవైపు తిరిగి ఉంటుంది, దానిమీద ఉన్నది వేరే ఊరి పేరు.

పావురం బరువుకి గడియారం ఆగడమేంటి అంటారా? 1949లో లండన్‌లోని బిగ్ బెన్ ముల్లు మీద పిట్టల గుంపు వాలితే అంత పెద్ద గడియారమూ నాలుగున్నర నిమిషాలు వెనకబడింది. పైగా అరగంట దాటాక పెద్దముల్లు పైకెక్కుతుంటుంది కాబట్టి దానిమీద బరువు పడితే కదలికకి అడ్డు అని పిల్లలకి చెప్పకుండానే అర్థమవుతుంది. అదే కిందికి దిగే ముల్లు మీద కూర్చోబెట్టారంటే బరువుకి అది ఇంకా ముందుకే పోవాలి కదా, ఏడేళ్లవాళ్లు పట్టేస్తారు. పిచ్చి సంఘటన రాసేటప్పుడు కూడా దాని లెక్క సరిగ్గా ఉండాలన్నది అందుకే.

5. మాటలు రాయడం, తర్వాత సగం కొట్టేయడం

మూడు నుంచి ఎనిమిదేళ్ల వాళ్ల కోసమయితే మొత్తం కథ 500 మాటలు దాటకుండా చూసుకోండి. తెలుగులో ఒక్కో మాటా పొడుగు కాబట్టి ఇంకా తగ్గినా నష్టం లేదు. మొదటి ప్రతి ఎలాగూ పెద్దదే అవుతుంది, రాసేయండి. తర్వాత ప్రతి వాక్యం దగ్గరా ఆగి, ఇది బొమ్మలో కనబడుతుందా అని అడగండి. కనబడితే కొట్టేయండి.

మొదటి ప్రతి ఇలా ఉందనుకుందాం: "నాన్న కంగారుగా మ్యాప్ అటూ ఇటూ తిప్పాడు. ఆయన వెనకే ఎత్తైన గడియార స్తంభం ఉంది, కానీ ఆయన దాన్ని గమనించలేదు. అమ్మమ్మకి కాళ్లు నొప్పి పుట్టి మెట్ల మీద కూలబడింది." ఇందులో జోకు మొత్తం వాక్యమే చెప్పేసింది, బొమ్మకి పనే లేదు. ఇలా మార్చండి: "నాన్నకి దారి తెలుసు. 'ఇదిగో, ఈ మలుపు తిరిగితే వచ్చేస్తుంది,' అన్నాడు. అమ్మమ్మ ఏమీ అనలేదు." స్తంభం, కంగారు, కూలబడటం మూడూ బొమ్మలోకి వెళ్లిపోయాయి.

"నాన్నకి దారి తెలుసు" అన్నది పల్లవి. మూడోసారి వచ్చేసరికి పిల్లలు మీతోపాటు అరుస్తారు, అదే కావాలి. ఒక్క పదకొండో స్ప్రెడ్‌లో మాత్రం దాన్ని విరవండి: "నాన్నకి దారి..." అని ఆపేయండి. అలవాటైన మాట రాకపోతే పిల్లలు ఠక్కున తలెత్తి చూస్తారు.

తెలుగులో మనకి ఉచితంగా దొరికే సరుకు ధ్వని పదాలు. గిర్రున తిరిగింది, సర్రున జారింది, బుడుంగున మునిగింది, టపటపా ఎగిరింది. వీటిని పెద్ద అక్షరాల్లో బొమ్మలోనే కలిపి రాయించొచ్చు. "టికెట్లూ గికెట్లూ", "మ్యూజియం గీజియం" లాంటి జంటలు కూడా అంతే, అమ్మమ్మ నోట పడితే వాటి రుచే వేరు. కానీ పేజీకి ఒకటి మించొద్దు. అన్నిచోట్లా చప్పుళ్లే అయితే ఏ చప్పుడూ వినబడదు.

"అప్పుడు అందరూ పకపకా నవ్వారు" అని మాత్రం దయచేసి రాయకండి. కథలోవాళ్లు నవ్వేస్తే వినేవాళ్లు నవ్వరు. నాన్న ఎంత సీరియస్‌గా ఉంటే అంత మంచిది.

6. పేజీ తిప్పే చోటు

బొమ్మల పుస్తకంలో సస్పెన్స్ అంతా కుడి పేజీ కింది మూలలో ఉంటుంది. ప్రశ్నగానీ, సగం వాక్యంగానీ, ఒక చప్పుడుగానీ అక్కడ ఆపి, జవాబు తిప్పిన తర్వాత ఇవ్వాలి. "నాన్న ధీమాగా తలుపు తోశాడు. అది..." తిప్పితే స్ప్రెడ్ నిండా నాన్నలే, గిర్రున తిరుగుతూ. ఎదురెదురు పేజీల్లో జోకూ జవాబూ రెండూ పెడితే చూపు ముందే జవాబు మీద పడిపోతుంది, ఇక పని అయిపోయినట్టే. అయితే 14 సార్లూ ఇదే చేస్తే ఆయాసం వస్తుంది. ఐదారు చోట్ల చాలు.

7. బొమ్మలు: దిక్కులు, గుర్తులు, గుంపులు

మనం ఎడమ నుంచి కుడికి చదువుతాం కాబట్టి కుడివైపు నడిచేవాళ్లు ముందుకెళ్తున్నట్టూ, ఎడమవైపు నడిచేవాళ్లు వెనక్కి వస్తున్నట్టూ కంటికి తోస్తుంది. ఇది బాగా పనికొచ్చే సంగతి. నాన్న "ముందుకే" అంటుంటే కుటుంబాన్ని ఎడమవైపు నడిపించండి. తొమ్మిదో స్ప్రెడ్‌లో వంతెన మీద అదే జరుగుతుంది. చూసిన విగ్రహమే మళ్లీ ఎదురైతే ఇంకా మంచిది.

ప్రతి మనిషికీ దూరం నుంచి గుర్తుపట్టే ఒక ఆకారం, ఒక రంగు ఉండాలి. మొత్తం నల్లగా నింపేసి చూడండి: నీడ చూసి ఇది అమ్మమ్మ, ఇది మిన్ను అని చెప్పగలిగితే డిజైన్ కుదిరింది. ఒక్కొక్కరిని ముందునుంచి, పక్కనుంచి, వెనకనుంచి, కూర్చుని, పరిగెత్తుతూ ఒకే కాగితం మీద గీసి గోడకి అంటించుకోండి. లేకపోతే పదో స్ప్రెడ్‌కి వచ్చేసరికి బబ్లూ మిన్ను కంటే పొడుగైపోతాడు. పోయిన టోపీ మళ్లీ తల మీద కనబడటం, తడిసిన చొక్కా పక్క పేజీలో ఆరిపోవడం పిల్లలు అస్సలు వదలరు. ఏ స్ప్రెడ్‌లో ఎవరి ఒంటి మీద ఏముందో, గడియారం ఎంత చూపిస్తోందో ఒక పట్టిక రాసుకోవడం చాదస్తం అనిపించినా అవసరం.

ఏడో స్ప్రెడ్‌లోని జనం సీను గురించి విడిగా చెప్పాలి. రెండు పేజీల నిండా మనుషులు కిక్కిరిసి ఉండే ఇలాంటి బొమ్మలతోనే మొత్తం పుస్తకాలు వేసే సంప్రదాయం జర్మనీలో ఉంది. పిల్లలు ఎక్కువసేపు ఉండిపోయేది, మళ్లీ మళ్లీ తెరిచేది ఆ పేజీయే. అందరినీ ఒకేసారి గీయబోతే తల తిరుగుతుంది. ముందు కుటుంబంలోని ఐదుగురినీ దూరదూరంగా పెట్టండి, వాళ్ల ఎరుపూ పసుపూ రంగులు ఇంకెవరికీ వాడకండి. తర్వాత ఒక ఆరేడు చిన్న సంఘటనలు అనుకోండి: కుక్క యజమానిని ఈడ్చుకుపోవడం, ఒకాయన అద్దం మోసుకెళ్తుంటే అందులో తనని చూసి ఇంకొకాయన జుట్టు దువ్వుకోవడం. మిగతా ఖాళీలో ఊరికే నడిచేవాళ్లని నింపండి, వాళ్ల మీద ఎక్కువ కష్టపడక్కర్లేదు.

పుస్తకం అడ్డంగా వెడల్పుగా ఉంటే వీధులు, రైళ్లు, వంతెనలు బాగా పడతాయి. మన పద్నాలుగో స్ప్రెడ్‌లో ఎత్తైన స్తంభం కావాలి కదా, అక్కడ పుస్తకాన్నే నిలువుగా తిప్పి చూసేట్టు వేయండి. పిల్లలకి పుస్తకం తిప్పడమే ఒక ఆట. భవనాల గీతలు స్కేలు పెట్టి గీయకపోవడమే మంచిది, కాస్త వంకరగా ఉంటే ఊరు కూడా కథలో మనిషే అనిపిస్తుంది.

వేరే చిత్రకారులు వేసేటట్టయితే ఇవన్నీ వాళ్లకి చెప్పాలని మనసు లాగుతుంది. ఆపుకోండి. మాట ఒకటి అంటూ బొమ్మ వేరేది చూపాల్సిన చోట మాత్రమే బ్రాకెట్లో చిన్న సూచన రాయండి, చొక్కా రంగులు వాళ్లకే వదిలేయండి. ప్రచురణ సంస్థకి పంపేటప్పుడు చాలాచోట్ల చిత్రకారుల్ని వాళ్లే ఎంచుకుంటారు, కథ ఒక్కటే పంపితే చాలు.

8. తెలుగు అక్షరాలకి చోటు

తెలుగు లిపికి పైన గుడులు, కింద వత్తులు. లైన్ల మధ్య దూరం తక్కువైతే పై లైను వత్తు కింది లైను గుడిని గుద్దుకుంటుంది, కాబట్టి ఇంగ్లిష్ పుస్తకం చూసి కొలతలు తీసుకోకండి. అక్షరం కనీసం 18 పాయింట్లు, లైన్ల మధ్య ఎడం ధారాళంగా. మండలి, రామభద్ర, మల్లన్న లాంటి యూనికోడ్ ఫాంట్లు ఉచితంగా దొరుకుతాయి. కథకి శుభ్రమైనదొకటి, చప్పుళ్లకి లావుపాటిదొకటి, రెండు మించొద్దు. పేజీలు కూర్చే సాఫ్ట్‌వేర్ ఇన్‌డిజైన్‌లో వత్తులు విడిపోయి కనబడితే పేరాగ్రాఫ్ సెట్టింగ్‌లో వరల్డ్ రెడీ కంపోజర్ ఎంచుకోండి, సర్దుకుంటుంది. అన్ని కంప్యూటర్లూ ఒకేలా చదివే యూనికోడ్ పద్ధతి కాకుండా పాత నాన్ యూనికోడ్ ఫాంట్లలో టైపు చేయిస్తే ప్రింటు బాగానే వస్తుంది గానీ, రేపు ఈబుక్ చేద్దామంటే అక్షరాలన్నీ పిచ్చి గుర్తులైపోతాయి.

లైను ఎక్కడ విరగాలో కంప్యూటర్‌కి వదలకండి, చదివేటప్పుడు ఊపిరి ఆగే చోట విరవండి. రెండువైపులా సమంగా సర్దితే మన పొడుగు మాటల మధ్య పెద్ద పెద్ద ఖాళీలొస్తాయి, ఎడమవైపు మాత్రమే సర్దండి. బొమ్మ వేసేటప్పుడే ఆకాశమో గోడో రోడ్డో మాటల కోసం ఖాళీగా ఉంచుకోవాలి.

9. డమ్మీ (నమూనా పుస్తకం) చేసి పిల్లల ముందు పెట్టండి

ఎనిమిది ఏ4 కాగితాలు ఒకదానిలో ఒకటి పెట్టి మధ్యకి మడిస్తే 32 పేజీలు. పెన్సిల్ బొమ్మలు, చేత్తో రాసిన మాటలు చాలు. రంగులు వేశాక మార్చడం ప్రాణం మీదికొస్తుంది, అందుకే ఈ దశలోనే చదివి చూడాలి.

ముందు ఈ కథ ఎప్పుడూ చూడని పెద్దవాళ్లకిచ్చి పైకి చదవమనండి. వాళ్లు ఎక్కడ తడబడ్డారో అక్కడ వాక్యం మార్చాలి. తర్వాత పిల్లలు. "బాగుందా?" అని అడగకండి, బాగుందనే అంటారు. వాళ్ల కళ్లు చూడండి. ఎక్కడ పక్కకి చూశారు, ఎక్కడ పేజీ వెనక్కి తిప్పమన్నారు, పావురాన్ని ఎన్నో స్ప్రెడ్‌లో పట్టుకున్నారు. తొమ్మిదిలోనే అందరూ పట్టేస్తే పావురాన్ని ఇంకొంచెం చిన్నది చేయండి. పదమూడు దాకా ఒక్కరూ పట్టకపోతే పెద్దది చేయండి. అయిపోయాక కథ మీకు తిరిగి చెప్పమనండి. వాళ్లు వదిలేసిన సంఘటన పుస్తకంలో అక్కర్లేదేమో ఆలోచించండి. సొంత పిల్లల మీద ఒక్కళ్ల మీదే పరీక్షిస్తే లాభం లేదు, వాళ్లకి మీ గొంతే నవ్వు తెప్పిస్తుంది.

10. ప్రెస్సుకి పంపే ముందు

బొమ్మలు అచ్చయ్యే సైజులో 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు) ఉండాలి. చుట్టూ 3 మిల్లీమీటర్ల బ్లీడ్ వదలండి, అంటే కత్తిరించే గీత దాటి బొమ్మ అంతమేర బయటికి ఉండాలి, లేకపోతే కటింగ్‌లో అంచున తెల్లగీత మిగులుతుంది. రెండు పేజీలు కలిసే మడతలో మొహాలు, అక్షరాలు, ముఖ్యంగా గడియారం ముళ్లు పడకుండా అటొక సెంటీమీటరున్నర ఇటొక సెంటీమీటరున్నర వదిలేయండి. స్క్రీన్ మీద మెరిసే నీలం, చిలకాకుపచ్చ, నారింజ రంగులు సీఎంవైకేకి (అచ్చులో వాడే నాలుగు సిరాల పద్ధతికి) మారగానే చప్పబడతాయి, కాబట్టి ఆ మార్పు చివరి నిమిషం దాకా ఉంచకండి. వేసేది ఏ కాగితమో అదే కాగితం మీద ఒక రంగు ప్రూఫ్ (పరీక్ష ప్రతి) తీయించి, పగటి వెలుతురులో, చేతిలో పట్టుకునే దూరంలో చూడండి. మూడో స్ప్రెడ్‌లో స్తంభం, తొమ్మిదిలో పావురం కనబడుతున్నాయా? ముదురు రంగుల్లో కలిసిపోతే జోకే పోతుంది.

బొమ్మలు వేరేవాళ్లవైతే వాళ్ల పేరు కవరు మీద మీ పేరుతో సమానంగా ఉండాలి, ఒరిజినల్ బొమ్మలు ఎవరి దగ్గరుంటాయో, మళ్లీ ముద్రిస్తే ఎవరికెంతో ముందే కాగితం మీద రాసుకోండి. మాటలన్నీ నలుపులో, బొమ్మతో కలపకుండా ఫైల్లో విడి లేయర్‌లో (పొరలో) ఉంచండి. అలా ఉంటే వేరే భాషలో వేయాల్సి వచ్చినప్పుడు రంగుల ప్లేట్లు (ఒక్కో సిరాకీ ఒక్కో అచ్చు రేకు ఉంటుంది) అలాగే ఉంచి నలుపు ప్లేటు ఒక్కటి మారిస్తే సరిపోతుంది. బొమ్మలోపలి బోర్డులు, చప్పుళ్లు, ఆఖరి పేజీలో మ్యాప్ మీద ఊరి పేరు కూడా ఆ లేయర్‌లోకే వెళ్లాలి, సాధారణంగా మర్చిపోయేది వీటినే.